దారూబంది జిల్లాలో దిగులు, దడ, తాగుడు

దిగులుకో గుండెదడకో కౌన్సెలింగ్ తీసుకుంటున్న మనిషి తాగుతాడా, తాగితే ఎంత, ఏ వేళప్పుడు అన్నది మొదటి రోజుల్లోనే తేల్చుకోవాలి. తర్వాత చూద్దాంలే అని వదిలేస్తే నెలలకు నెలలు చేతులారా పోగొట్టుకున్నట్టే. సిరోంచలో కూర్చుని కౌన్సెలింగ్ పనే చేస్తున్నదాన్ని కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను.

మా ఊరు తెలియనివాళ్లకి రెండు మాటలు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకి ఇది దక్షిణం కొస. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది ఇక్కడే. అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఇళ్లలో తెలుగు, బళ్లోనూ తాలూకా ఆఫీసులోనూ మరాఠీ. జిల్లా కేంద్రానికి పోవాలంటే రెండు వందల కిలోమీటర్ల పైమాటే, అదీ సగం దారి అడవి. అందుకే కాస్త పెద్ద జబ్బు చేస్తే మావాళ్లు మంచిర్యాలకో వరంగల్‌కో పరిగెత్తుతారు. మా జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. దారూబంది అంటాం. పక్కనున్న చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు గానీ మాకు ఇంకా ఉంది. ఉండాలనే నేనూ కోరుకుంటాను. రోజుకూలీ డబ్బులు ఇంటికి చేరక పిల్లలు పస్తు పడుకున్న ఇళ్లు నా చిన్నప్పుడు మా వాడలోనే ఉండేవి. ఆ ఇళ్ల ఆడవాళ్లు కొట్లాడి తెచ్చుకున్న నిషేధమది.

కానీ దారూబంది ఉంది గనక తాగుడు లేదనుకోవడానికి లేదు. వంతెన దాటితే తెలంగాణ. అటుపక్క వైన్‌షాపు, ఊళ్లల్లో బెల్టుషాపులు. ఇటుపక్క ఇప్పపువ్వు సారా, తాటికల్లు, ఎక్కణ్ణుంచో వచ్చే గుడుంబా. నిషేధం వల్ల నా గదిలో వచ్చి పడిన చిక్కు వేరే. తాగుడు గురించి అడగగానే మనిషి ముడుచుకుపోతాడు. డాక్టరు అడిగినట్టు ఉండదు వాళ్లకి, ఠాణాలో అడిగినట్టు ఉంటుంది.

"తాగే అలవాటు ఉందా అన్నా?"

"లేదక్కా. ఎప్పుడన్న. పెండ్లిల్లల్ల, గంతే."

ఈ జవాబు విని కాగితం మీద 'లేదు' అని రాసేసుకుంటే పని సుళువుగా అయిపోతుంది. నేను మాత్రం అక్కడ ఆగి రెండు సంగతులు చెబుతాను. ఒకటి, ఈ గదిలో మాట్లాడింది పోలీసులకి పోదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మీ సంగతులు గోప్యంగా ఉంచుకునే హక్కు మీకు ఇచ్చింది. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి లాంటివి తప్ప నేను ఎవరికీ చెప్పడానికి లేదు. రెండు, తాగుతారని తెలిస్తే మిమ్మల్ని వెనక్కి పంపను. ఈ రెండో మాట విన్నాక భుజాలు కిందికి జారతాయి చూడండి, చాలామందికి అసలు భయం అదే. ఇంట్లో తిట్లు తిని, ఊళ్లో మాటలు పడి, ఎవరో ఒకరు వింటారని ఇంతదూరం వస్తే, ఇక్కడా పొమ్మంటారేమోనని.

తర్వాత లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. మొత్తం 40 మార్కులు. 8 వచ్చిందంటే తాగుడు హాని చేసే దారిలో ఉందని అర్థం, 20 వచ్చిందంటే అది కౌన్సెలర్ ఒక్కరివల్ల అయ్యే పని కాదు, డాక్టరు చూడాలి. మంచి పట్టికే. ఇబ్బందల్లా రెండో ప్రశ్న దగ్గర: తాగిన రోజున ఎన్ని డ్రింకులు తాగుతారు? మావాళ్ల లెక్క డ్రింకుల్లో ఉండదు. కోటరు, సగం కోటరు, గుడుంబా ప్యాకెట్టు, ఒక గిలాస.

అందుకని నా బల్ల మీద ఒక స్టీలు గ్లాసు, ఒక నీళ్ల సీసా, పిల్లల దగ్గుమందుతో వచ్చే కొలత మూత పెట్టుకున్నాను. "ఎంత పోసుకుంటారో నీళ్లతో పోసి చూపించండి" అంటాను. నోటితో చెప్పడానికి సిగ్గుపడే మనిషి చేత్తో చూపించడానికి అంత సిగ్గుపడడు. అలవాటైన చెయ్యి ఆలోచించకుండా పోసేస్తుంది. ఒకాయన "ఒక్క పెగ్గే అక్కా" అంటూ పోశాడు. ఇద్దరం కలిసి ఆ నీళ్లని మూతతో కొలిచాం. తొంభై మిల్లీలీటర్లు. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీ 42.8 శాతం ఆల్కహాలుతో ఉంటాయి, 30 మిల్లీలీటర్లలో సుమారు పది గ్రాముల ఆల్కహాలు. అదీ ఒక డ్రింకు. అంటే ఆయన ఒక్క పెగ్గు మూడు డ్రింకులు. కోటరు సీసా మొత్తం ఆరు. పెద్ద బీరుసీసా, అదీ స్ట్రాంగ్ అయితే, నాలుగు దాకా పోతుంది. ఇప్పసారాకీ గుడుంబాకీ ఈ లెక్క కుదరదు, వాటి ఘాటు కాచినవాడి చేతిలో ఉంటుంది. కొలిచాక ఆయన గ్లాసు వంక చూసి, "మరి రాత్రికి మూడుసార్లు పోసుకుంట గదా" అన్నాడు. నేను అడగలేదు, ఆయనే అన్నాడు.

ఇంత పట్టుబట్టి ఎందుకు అడగాలి అంటారా? నిద్ర దగ్గర మొదలుపెడతాను.

దిగులు ఎంత ఉందో చూడడానికి తొమ్మిది ప్రశ్నల పట్టిక వాడతాం, పీహెచ్‌క్యూ అంటారు. అందులో నిద్ర గురించి ఒక ప్రశ్న, నీరసం గురించి ఒకటి, ఆకలి గురించి ఒకటి, మనసు ఒకచోట నిలవకపోవడం గురించి ఒకటి. రోజూ రాత్రి కోటరు పడే మనిషికి దిగులు లేకపోయినా ఈ నాలుగింట్లో మార్కులు పడతాయి. మద్యం పడుకోగానే నిద్ర పట్టిస్తుంది, నిజమే. కానీ అది ఒంట్లోంచి దిగిపోతున్న వేళకి, అంటే తెల్లవారుజామున, నిద్ర ముక్కలుముక్కలవుతుంది. మద్యం ఉన్నంతసేపూ మెదడుని నెమ్మదిగా ఉంచుతుంది, దాన్ని తట్టుకోవడానికి మెదడు తనంతట తాను వేగం పెంచుకుంటుంది. మద్యం దిగిపోయాక ఆ పెంచుకున్న వేగం ఒక్కటే మిగులుతుంది. మూడింటికి మెలకువ, చెమట, దడ, ఏదో ముంచుకొస్తున్నట్టు భయం. దిగులు జబ్బులోనూ తెల్లవారుజామున మెలకువ వస్తుంది. రెండూ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి. తాగుడు సంగతి తెలియని కౌన్సెలర్ ఆ మూడింటి మెలకువకి కారణాలు ఆయన బాల్యంలో వెతుకుతూ కూర్చుంటుంది. ఆయనేమో ఆ దడ తగ్గడానికి మర్నాడు సాయంత్రం ఇంకాస్త ముందే మొదలుపెడతాడు. పత్తి పెట్టుబడికి సావుకారు దగ్గర తెచ్చిన అప్పు తీర్చడానికి అదే సావుకారు దగ్గర మళ్లీ చెయ్యి చాపినట్టు.

దడ విషయంలో ఇంకో చిక్కుంది. ఇది నాకు బాగా ముఖ్యం అనిపిస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నా దగ్గరికి వచ్చిన ఒక అన్న సంగతి ఇది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

కిరాణా కొట్టు ఆయన. సరుకు కోసం మంచిర్యాలకి పోవాలి. బస్సు ఎక్కితే గుండె దడదడలాడుతుంది, చేతులు తిమ్మిర్లు, ఇక చచ్చిపోతానేమోనన్న భయం. ఈసీజీ తీయించుకున్నాడు, గుండెకేమీ లేదన్నారు. ఇలాంటి భయానికి మాటలతో చేసే వైద్యంలో ముఖ్యమైన పని, భయపడే చోటికే కొద్దికొద్దిగా వెళ్లి, దడ వచ్చినా అక్కడే ఉండి, అది తనంతట తానే తగ్గుతుందని ఒంటికి తెలియజెప్పడం. మొదట ఆగి ఉన్న బస్సులో కూర్చోవడం, తర్వాత ఒక స్టేజీ దాకా, తర్వాత ఇంకొంచెం దూరం. వారం వారం కాగితం మీద రాసుకొచ్చేవాడు: ఎక్కాను, దడ ఇంత, తగ్గింది ఇంత. కాగితం చూస్తే అంతా బ్రహ్మాండం. అయినా మనిషిలో ధైర్యం పెరగడం లేదు. "ఈసారి ఏమో, వచ్చేసారి ఏమవుతదో" అనే మాట పోదు.

గ్లాసు, నీళ్లు బల్ల మీదికి వచ్చినరోజు విషయం బయటపడింది. బస్సెక్కే ముందు చిన్న సీసా. సగం ఎక్కే ముందు, సగం తిరుగు బస్సుకి. అంటే బస్సులో కూర్చున్న ప్రతిసారీ ఆయన ఒళ్లు నేర్చుకున్నది ఒక్కటే: సీసా ఉంది కాబట్టి బతికి బయటపడ్డాను. బస్సు ప్రమాదం కాదన్న పాఠం ఒక్కసారి కూడా అందలేదు. ఇందులో ఆయన మోసం ఏమీ లేదు. భయపడిన మనిషి చేతికి ఏది దొరికితే అది పట్టుకుంటాడు. కానీ ఆ సీసా ఉన్నంతకాలం మా ఇద్దరి పనీ ముందుకి పోదు.

మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాం, సీసా లేకుండా. ఆగి ఉన్న బస్సు దగ్గర్నుంచే. ఈసారి దడ ఎక్కువే వచ్చింది, కాగితం మీద అంకెలు ముందుకన్నా అధ్వానంగా కనిపించాయి. కానీ నాలుగు దఫాలయ్యేసరికి ఆయన గొంతు మారింది. "వచ్చిందక్కా, ఉన్నది, పోయింది" అన్నాడు. అదే కావాల్సింది.

ఏది ముందు అన్న పేచీ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. తల్లేమో "మనసు బాగలేక తాగుతున్నడు" అంటుంది, భార్యేమో "తాగి తాగి మనసు పాడు చేసుకున్నడు" అంటుంది. ఇద్దరి మాటా నిజం కావచ్చు. తేల్చుకోవడానికి నేను ఒక ప్రశ్న అడుగుతాను: "మాల వేసుకున్నప్పుడు ఎట్లుండె?" మావైపు చాలామంది మగవాళ్లు కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటారు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టరు, చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, రోజూ పదిమందితో భజన. ఆ దీక్షరోజులు గుర్తు చేసుకోమంటే జవాబు ఇట్టే వస్తుంది. కొందరు "రెండు వారాలు దాటినంక నిద్ర మంచిగ పట్టింది, కోపం తగ్గింది" అంటారు. వాళ్ల దిగులులో ఎక్కువ వాటా మద్యానిదే. ఇంకొందరు "దీక్షల గూడ లోపల అట్లనే ఉండె అక్కా, ఎవరికీ చెప్పలే" అంటారు. వాళ్లకి దిగులు ముందునుంచీ ఉంది, మద్యం తర్వాత వచ్చి చేరింది. ఇంగ్లండులో వైద్యులకి మార్గదర్శకాలిచ్చే నైస్ అనే సంస్థ 2011లో చెప్పిందీ ఇలాంటిదే: తాగుడూ దిగులూ కలిసి ఉంటే ముందు తాగుడు పట్టించుకోండి, మానేసిన మూడు నాలుగు వారాల తర్వాత కూడా దిగులు ఉంటే దాన్ని విడిగా పరీక్షించి వైద్యం చేయండి అని. మా అయ్యప్ప స్వాములు ఏటేటా ఆ మూడు నాలుగు వారాలు దాటుతూనే ఉన్నారు. ఎవరూ అడగడం లేదంతే.

మాల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు, పొద్దున లేవగానే చేతులు వణికేవాళ్లు, ఆ వణుకు తగ్గడానికి పొద్దున్నే కాస్త వేసుకునేవాళ్లు ఉన్నట్టుండి మానేయకూడదు, అది దేవుడి కోసమైనా సరే. మానిన ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనబడడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం, జ్వరం, విపరీతమైన చెమట రావచ్చు. ప్రాణాలు పోయే స్థితి అది. మాల వేసుకున్న మూడో రోజు మనిషి గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెడితే, పూనకమనీ గాలి సోకిందనీ ఆలస్యం చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి. ముందే డాక్టరుకి చెబితే కొద్దిరోజులు మాత్రలు, బీ1 విటమిను ఇచ్చి క్షేమంగా మాన్పిస్తారు. దీక్ష ఆ తర్వాత తీసుకోవచ్చు. ఆందోళనకని ఇచ్చే నిద్రమాత్రల్లాంటివి మద్యంతో కలిపి వేసుకుంటే ఊపిరి మందగిస్తుంది. డాక్టరుకి తాగుడు దాచిపెట్టి ఆ మాత్రలు రాయించుకోవడం చాలా ప్రమాదం.

నాకు కోపం తెప్పించే మాట ఒకటుంది: "ముందు తాగుడు మానేసి రా, అప్పుడు కౌన్సెలింగ్ చేద్దాం." ఒక పెద్ద ఆసుపత్రిలో మా ఊరి కుర్రాడికి ఇదే చెప్పి పంపారు. తాగుడు మాన్పించే కేంద్రానికి పోతే "నీకు డిప్రెషన్ ఉంది, ముందు అది చూపించుకో" అన్నారు. రెండు గుమ్మాల మధ్య తిరిగి తిరిగి వాడు ఇంటికొచ్చేశాడు. ఇంగ్లండులో 2008లో మొదలైన ప్రభుత్వ మాటల వైద్యం పథకం ఉంది, 2023లో దానికి టాకింగ్ థెరపీస్ అని పేరు మార్చారు. దిగులు, ఆందోళన ఉన్నవాళ్ల కోసమే అది. తాగుతున్నారన్న ఒక్క కారణంతో ఎవరినీ తిప్పి పంపకూడదని అక్కడి మార్గదర్శకాలు చెబుతున్నాయి. మత్తులో వచ్చి కూర్చుంటే ఆ రోజుకి పని జరగదు, నేనూ మరో రోజు రమ్మంటాను. అది వేరు, మనిషినే వద్దనడం వేరు.

ఇంగ్లండు దాకా ఎందుకు, గోవాలో సంగాత్ అనే సంస్థ చేసి చూపించింది. పెద్ద డిగ్రీలు లేని స్థానికులకే శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. ఆడిట్‌లో 12 నుంచి 19 వచ్చిన మగవాళ్లకి ఒకటి నుంచి నాలుగు విడతల మాటల వైద్యం. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి: మూడు నెలల తర్వాత 8 కన్నా కిందికి దిగినవాళ్లు ఈ వైద్యం అందినవాళ్లలో 36 శాతం, అందనివాళ్లలో 26 శాతం. అద్భుతం కాదు, కానీ నూటికి ఎక్కువగా బాగుపడిన ఆ పది మందీ మా తాలూకాలో అయితే ఎవరెవరి తండ్రులో నాకు ముఖాలు కనబడతాయి. దిగులు కోసం కూడా అదే ఊళ్లలో అలాంటి స్థానికులే ఆరు నుంచి ఎనిమిది విడతలు చేశారు, అదీ పనిచేసింది. మా జిల్లాలో 2016 నుంచి ముక్తిపథ్ వాళ్లు ఊరూరా తిరిగి తాగుడు మీద పనిచేస్తున్నారు. దిగులుకి వినేవాళ్లు, తాగుడుకి వినేవాళ్లు ఒకే గదిలో ఉండాలన్నదే నా కోరిక.

ఆడవాళ్లని ఎవరూ అడగరు. భర్త తాగుతాడా అని అడుగుతారు, నువ్వు తాగుతావా అని అడగరు. కల్లు, ఇప్పసారా కొన్ని కులాల్లో, గోండు మాడియా గూడేల్లో పండక్కీ పెళ్లికీ ఆడామగా అందరికీ ఉండేవే, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ 2022 జులై వరదలో పొలం ఇసుక మేటేసిపోయిన ఒకామె, నిద్ర కోసం రాత్రి ఒంటరిగా తాగుతున్నానని నాతో చెప్పడానికి ఎంతో కాలం పట్టింది. పండగనాడు పదిమందిలో తాగేదానికీ దీనికీ తేడా ఆమెకి నాకన్నా బాగా తెలుసు. అడిగేవాళ్లు లేకపోయారు.

ఇంట్లోవాళ్లకి ఒక్క మాట. పీహెచ్‌క్యూలో ఆఖరి ప్రశ్న చచ్చిపోవాలనిపిస్తోందా అని. దానికి అవునన్న మనిషి తాగుతున్నాడంటే నేను ఆ రోజే ఇంట్లోవాళ్లని పిలిపిస్తాను. తెలివిలో ఉన్నప్పుడు ఆగే చెయ్యి తాగినప్పుడు ఆగదు. పత్తి పండించే ఇంట్లో పురుగుల మందు డబ్బా మంచం కిందో తలుపు మూలో ఉంటుంది. దాన్ని ఇంట్లోంచి తీసేయండి, పొరుగింట్లో తాళంలో పెట్టించండి. మనిషికి కోపమొచ్చినా సరే.

కౌన్సెలింగ్‌కి పోతున్నవాళ్లు, మీ కౌన్సెలర్ అడగకపోతే మీరే చెప్పండి. ఎంత, ఎప్పుడు, దేనికి ముందు, దేని తర్వాత. మానేయాలని ఇంకా అనుకోకపోయినా చెప్పండి, మానేస్తానని మాటిస్తేనే చెప్పాలన్న రూలేమీ లేదు. దగ్గర్లో ఎవరూ లేకపోతే టెలీ మానస్ నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటారు. మహారాష్ట్ర సిమ్ నుంచి చేస్తే ముందు మరాఠీలో పలకవచ్చు, కంగారుపడి పెట్టేయకండి. భాష ఎంచుకోమంటారు, తెలుగు ఉంది. తాగుడు మాన్పించే సాయం ఒక్కటే కావాలంటే 14446.